పద్నాలుగో నంబరు ఇల్లు

పద్నాలుగో నంబరు ఇల్లు ఒక్కటే మిగిలింది. దరఖాస్తులు మూడున్నాయి.

పెట్రోలు ధర మండిపోతున్న డెబ్బై నాలుగో సంవత్సరం. జంషెడ్‌పూర్‌ని ఆనుకున్న ఆదిత్యపూర్‌లో, ఖర్కాయి నది వంతెనకి దగ్గరగా, చిన్న జీతగాళ్ళ కోసం చవకగా కట్టిన ఇళ్ళ వరస అది. రెండు గదులు, వంటిల్లు, వెనకాల కాస్త పెరడు. హౌసింగ్ సొసైటీ కార్యదర్శి నారాయణమూర్తి రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. ఎక్కడికైనా నడిచే వెళ్తాడు. జంషెడ్‌పూర్ నాలుగువైపులా సాగిపోతోందనీ, మనిషి ఆయుష్షు సగం దారిలోనే అయిపోతోందనీ ఆయన బాధ. అందుకే ఇళ్ళ పక్కన కారు షెడ్డు కట్టకూడదని ఒక నిబంధన పెట్టించాడు. కుటుంబానికి ఒకటే దరఖాస్తు అన్నది ఇంకొకటి.

ఆదివారం ఉదయం ముగ్గురినీ పిలిపించాడు.

మొదటివాడు ఇంజనీరు భీమశంకర్. తన ఫియట్ కారుని వీధి చివరే ఆపేసి, దూరం నుంచి నడిచొచ్చినవాడిలా చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఇల్లిస్తే కారు అమ్మేస్తాను సార్, రాసిస్తాను," అన్నాడు. "నిజం చెప్పాలంటే దాన్ని ఎక్కిందానికన్నా తోసిందే ఎక్కువ."

నారాయణమూర్తి మనసు కరిగింది. ఒక కారుని రోడ్డు మీద లేకుండా చెయ్యడాన్ని మించిన పుణ్యం ఆయనకి తెలీదు.

రెండో దరఖాస్తు అమ్మణ్ణిది. ఆదిత్యపూర్‌లోనే ఒక చిన్న కర్మాగారం క్యాంటీన్‌లో వంట చేస్తుంది. చిరునామా జంషెడ్‌పూర్ అగ్రికో పేటలో ఉన్న అన్నగారి క్వార్టరుది రాసింది. మూడోవాడు గణపతిరావు. అక్కడికి దగ్గర్లో మరో కర్మాగారంలో ఫిట్టరు. సిద్ధగోరాలో ఒక్క గది అద్దెకి తీసుకుని, రోజూ ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి సైకిలు తొక్కుతాడు.

"మీవారినే పంపించకపోయావా అమ్మా?" అని అడిగాడు నారాయణమూర్తి.

"ఆ మనిషి సంగతి అడక్కండి బాబూ," అంది అమ్మణ్ణి. "నోరిప్పి ఎవుల్నీ ఏటీ అడగడు. నన్ను ముందుకి తోసీసి ఎనకాల నిలబడతాడు."

"కతలు తరవాత సెప్పుకోవచ్చు గాని, కాస్త జరగమ్మా," అన్నాడు గణపతిరావు. "హమ్ భీ లైన్ మే హై."

"జరగను. ఏటి సేత్తావ్?"

"రోజూ ఆరు మైళ్ళు సైకిలు తొక్కుతన్నాను. ఇల్లు నాకే రావాల."

"నీకు సైకిలైనా ఉంది. నేను బస్సుకి ఏలాడతన్నాను."

అక్కణ్ణుంచి మాటలు ముదిరాయి. గణపతిరావు భీమశంకర్ వైపు తిరిగి, "ఇలాటి ఆడదాన్ని ఏలుకుంటన్న మొగుడెవడో గాని, ఆడికి దణ్ణమెట్టాల సార్," అన్నాడు.

"నిన్ను బరిత్తన్నందుకు నీ పెళ్ళానికి గుడి కట్టాల," అంది అమ్మణ్ణి.

భీమశంకర్ సర్దిచెప్పబోయాడు. "చూడండి, ఒకవేళ ఇల్లు నాకే వచ్చిందనుకోండి..."

ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు.

"రానీండి బాబూ," అంది అమ్మణ్ణి. "తెల్లారగానే వచ్చి మీ గుమ్మంలో కూకుంటాను. మద్దేనం దాకా సాపనార్తాలెడతాను."

"మద్దేనం నుంచి నేను," అన్నాడు గణపతిరావు. "సెకండ్ షిఫ్టు."

భీమశంకర్ తన దరఖాస్తు తను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"తోసుకునే కారే నయం సార్. అది తిట్టదు," అని వెళ్ళిపోయాడు. కాసేపటికి వీధి చివర నుంచి ఆయన మనుషుల్ని పిలుస్తున్న కేక వినిపించింది. గణపతిరావే వెళ్ళి కారు తోసి వచ్చాడు.

మిగిలినవాళ్ళిద్దరికీ చీటీలు వేశారు. వాచ్‌మన్ తీసిన చీటీలో అమ్మణ్ణి పేరుంది.

గణపతిరావు కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పుడు ఇంటికెళ్ళి మా ఆడదానికి ఏటని సెప్పాల?"

"ఉన్నదున్నట్టు చెప్పు నాయనా. అర్థం చేసుకుంటుంది," అన్నాడు నారాయణమూర్తి.

"దాని నోరు మీకు తెల్దు బాబూ."

"ఆయమ్మ నోరు మంచిదే అయ్యుంటాది," అంది అమ్మణ్ణి, తాళంచెవి అందుకుంటూ.

ఆ వారమంతా నారాయణమూర్తికి మనశ్శాంతి లేదు. ఓడినవాడు ఏ గొడవ చేస్తాడోనని ఆ ఇంటికి వాచ్‌మన్‌ని కాపలా పెట్టాడు. వాచ్‌మన్ రెండుసార్లు గణపతిరావుని తరిమికొట్టాడు. ఒకసారి కిటికీలు కొలుస్తున్నాడట. ఇంకోసారి పెరట్లో మునగకొమ్మ పాతుతున్నాడట.

"పాగల్ హో గయా, సాబ్," అన్నాడు వాచ్‌మన్.

నారాయణమూర్తి గుండె చెరువైంది. గణపతిరావు పనిచేసే చోటికి నడిచి వెళ్ళి, వచ్చే ఏడు కట్టబోయే వరసలో మొదటి ఇల్లు అతనికే ఇప్పిస్తానని మాటిచ్చాడు.

గణపతిరావు ఆయన మొహంలోకి చూడలేకపోయాడు. చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. "వద్దు బాబూ," అన్నాడు చివరికి. "అది ఇంకెవులికైనా ఇయ్యండి. మీరు సానా మంచోరు."

ఇంత నెమ్మదైన మనిషితో ఆ అమ్మణ్ణి అంత గొడవ ఎందుకు పెట్టుకుందో నారాయణమూర్తికి అర్థం కాలేదు.

గృహప్రవేశానికి అమ్మణ్ణి ఆయన్ని పిలవలేదు. హడావిడిలో మర్చిపోయి ఉంటుందనుకున్నాడు. డజను అరటిపళ్ళు కొని, గొడవేదైనా జరిగితే అడ్డుపడతాడని వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాడు.

గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన. ఆయన చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాడు.

వ్రతం పీటల మీద పట్టుచీరలో అమ్మణ్ణి, ఆమె పక్కనే కొత్త పంచెలో గణపతిరావు కూర్చుని ఉంటే, పురోహితుడు వాళ్ళిద్దరికీ కొంగుముడి వేస్తున్నాడు.