తిమ్మక్కకు పట్టింది

“దాన్ని స్తంభానికి కట్టెయ్యండప్పా! పొయ్యిలో పడతాది!” పెద్దరైతు గంగప్ప అరిచాడు.

తొమ్మిదేళ్ల తిమ్మక్క చేతిలోని సంగటి గిన్నె మళ్లీ ఎగిరిపడింది. చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. మూతి వంకర్లు పోతోంది. వెక్కిరిస్తోందని బడిలో అయ్యవారు కొట్టి పంపేశాడు. ఊరు దయ్యమని తేల్చేసింది.

తాడు తెచ్చినవాళ్లకు అడ్డంగా అవ్వ సిద్ధమ్మ నిలబడింది.

“నా మనమరాలి మింద పడిన చెయ్యి ఇరిచేస్తా.”

“నువ్వే ఇట్లంటే ఎట్లమ్మా?” పిల్ల తండ్రి, ఆమె కొడుకు కృష్ణప్ప గొంతు తగ్గించాడు. “ఏపమండల్తో నాలుగు తగిలిస్తే దిగిపోతాది. ఊరంతా సూస్తాండాది.”

“సూడనీ. నిద్దరపోతే పిల్ల చేతులు నెమ్మదిగా ఉంటాయి. యా దయ్యమురా రాత్రయితే పండుకునేది? మదనపల్లెకు పోతాండా.”

“నువ్వు ఆస్పత్రికి పోతే జనం నవ్వరా?” గంగప్ప దారికి అడ్డమొచ్చాడు.

“నవ్వనీప్పా. పిల్ల బాగయితే నేనూ నవ్వుతా.”

పిల్లను చంకనెత్తుకుని అతన్ని తోసుకుంటూ నడిచింది. పుంగనూరులో బస్సు మారింది.

మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో డాక్టరు సారా తిమ్మక్కను నాలుక చాపమంది. చాపిన నాలుక నిలవకుండా లోపలికి పోయింది. తన రెండు వేళ్లు గట్టిగా పట్టుకోమంది. పిల్ల పిడికిలి పాలు పిండుతున్నట్టు బిగుస్తూ, వదులవుతూ ఉంది.

“ఆమధ్య గొంతునొప్పి, జ్వరం వచ్చాయా?”

“సెనక్కాయలు పెరికేటప్పుడు వచ్చినాయమ్మా. ఆపైన మోకాళ్లు వాచినాయి.”

సారా గుండె విని తలెత్తింది. “ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. గొంతులో చేరిన క్రిములతో పోరాడబోయి ఒంట్లోని బలం దారితప్పింది. మెదడు మీద పడింది. గుండెకూ ముప్పే. ఈ మెలికల ఆట నెలల్లో తగ్గుతుంది గానీ, పెన్సిలిన్ సూదులు ఏళ్ల తరబడి మానకూడదు.”

“మాననమ్మా.”

“మీ వైపు పిల్లల్ని మండలతో కొట్టించి, చివర్లో ఇక్కడికి తెస్తారు. నువ్వెట్లా తెగించావు?”

సిద్ధమ్మ పిల్ల చేతుల్ని తన ఒళ్లోకి తీసుకుంది. “కొడితే బాగుపడిన పిల్లను నేను ఒక్కదాన్నీ సూడలేదమ్మా.”

చలి ముగిసేసరికి తిమ్మక్క తన చేత్తో తాను సంగటి తింది. ఆ పొద్దే సిద్ధమ్మ గంగప్ప వాకిట్లోకి వెళ్లి నిలబడింది.

“ఇంకమింద యా బిడ్డ ఇట్లా ఆడినా మదనపల్లె బస్సెక్కించండి. తాడు తీసినోళ్లు ముందు నాతో మాట్లాడాల.”



ఆ చుట్టుపక్కల ఊళ్లకు దయ్యాలు వదిలించేది సిద్ధమ్మే.