పన్నెండో చెవి

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల భవనం కోసం బండలు పేల్చి, ఒక చెవిలో వినికిడి పోగొట్టుకున్న పన్నెండుమంది కూలీలకు డాక్టర్ ఉమాశ్రీ కొత్త పద్ధతిలో ఆపరేషన్ చేసింది. పదకొండుమందికి వినికిడి పూర్తిగా తిరిగొచ్చింది. చివరివాడు ఐలయ్య ఫలితం కూడా తేలితే పరిశోధన పత్రం పంపెయ్యడమే.

"శబ్దం వినబడగానే చెయ్యెత్తండి" అని, మంచి చెవిలో దూది, తలకు హెడ్‌ఫోన్ పెట్టి మిషన్ మీట నొక్కింది. నొక్కిన ప్రతిసారీ ఐలయ్య చెయ్యెత్తాడు.

సంబరంగా లేచేసరికి, హెడ్‌ఫోన్ తీగ మిషన్‌కు తగిలించనేలేదని కనిపించింది.

ఆమె హెడ్‌ఫోన్, దూది తీసి అడిగింది. "మరి మీకేం వినిపించిందండీ?"

"ఏం లేదమ్మా. మీ వేలు చూసి ఎత్తిన. గంత కష్టపడి ఆపరేషన్ చేసిండ్రు, వినబడతలేదంటె మీ మనసు ఖరాబైతదని."

ఉమాశ్రీ కుర్చీలో కూలబడింది.

"ఫికర్ చెయ్యకుండ్రి డాక్టరమ్మా" అన్నాడు ఐలయ్య, గొంతు తగ్గించి. "ఎవ్వలకు చెప్పం. పన్నెండు మందిమి ఒక్క మాట మీదున్నం."