చల్లని సీసా

"మూత ఎందుకు తీశారు?"

పెంపుడు జంతువుల షాపు యజమాని గొంతు వినగానే పెద్దాయన చెయ్యి ఆగింది. ఆయన చేతిలోని కూల్‌డ్రింకు సీసా సగం దాకా అద్దాల తొట్టిలో మునిగి ఉంది.

తొట్టిలో రెండు న్యూట్లు. చూడటానికి బల్లులు, పుట్టుకకు కప్పల చుట్టాలు. నల్లటి ఒళ్ళు, వెన్ను పొడవునా నారింజ గీత. అరుదైన జాతి.

అందరూ ఇంట్లోంచి బల్లుల్ని తరుముతుంటే మీరు కొని తెచ్చుకుంటున్నారా అని భార్య దెప్పినా వినకుండా, యజమాని వీటిని ఏజెంటు ద్వారా తెప్పించాడు.

వారం క్రితం ఆడది గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో గుడ్డునూ ఒక్కో ఆకులో చుట్టి దాచింది. అవి పిల్లలైతే షాపు పేరు నిలబడుతుంది. అందుకే వెచ్చగా ఉండాలని తొట్టి మీద బల్బు వేలాడదీశాడు.

పెద్దాయన పది రోజులుగా వస్తున్నాడు. ఏమీ కొనడు. ఎదురు కొట్లో ఐసులా చల్లటి సీసా కొని, తాగకుండా తెచ్చి, తొట్టి దగ్గర గంటసేపు నిలబడతాడు. షాపులో ఆయన పేరు చల్లని సీసా.

"నీళ్ళు వేడెక్కాయి నాయనా. వీటికి చలి కావాలి. ఆ బల్బు తీసెయ్యి."

"పదిహేనేళ్ళుగా ఇదే పనండీ నాది. తాతకు దగ్గులు నేర్పకండి."

పెద్దాయన నవ్వాడు. తడిచేతిని చొక్కాకు తుడుచుకుని బయటికి నడిచాడు. న్యూట్లు రెండూ అద్దం వెంట ఆయన వెళ్ళిన వైపే పాకాయి. మేత కోసం కాబోలు అనుకున్నాడు యజమాని.

మర్నాడు గుమ్మంలోనే అడ్డు నిలబడి, ఇక లోపలికి రానక్కర్లేదని చెప్పేశాడు.

పెద్దాయన ఆ రోజు తెచ్చిన సీసా యజమాని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఎండగా ఉంది. యజమాని దాన్ని తాగేశాడు.

మూడో రోజుకు ఆడది మేత ముట్టడం మానేసింది. ఐదో రోజుకు ఆకుల్లోని గుడ్లు తెల్లగా బూజు పట్టాయి.

యజమాని ఏజెంటుకు ఫోన్ చేశాడు.

"వీటిని ఇంతకుముందు పెంచినాయన నంబరు ఇవ్వు. కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."



"నిన్న పోయారండీ. ఒంట్లో బాగోలేకే, పద్దెనిమిదేళ్ళు సాకిన జతను నాకిచ్చారు. మీతో చెప్పలేదా?"

"నాతోనా? ఎప్పుడు?"

"రోజూ ఓ సీసా పట్టుకుని మీ షాపుకే వచ్చేవారు కదా."