సగం గడ్డం

"ఆ చేతులు గుడ్డ కింద పెట్టుకోవయ్యా. నీ వణుకు చూస్తుంటే నాకూ వణుకు పుట్టేలా ఉంది."

కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి చేతులు లోపలికి లాక్కున్నాడు.

అతని మొహానికి నురగ పూస్తూ కత్తి మావయ్య మాటలు మొదలుపెట్టాడు. ఆయన అసలు పేరు ఊరు ఎప్పుడో మరిచిపోయింది. చేతిలో కత్తి కన్నా నోరే పదునని గిట్టనివాళ్లూ అంటారు, గిట్టినవాళ్లూ అంటారు. కొడుకు యుద్ధంలో పోయాక ఆ నోటికి పట్టపగ్గాలు లేవు.

అద్దం పైన సైనిక దుస్తుల్లో కొడుకు ఫొటో. కొత్త మనిషి దాన్నే చూస్తున్నాడు.

"మావాడే. పెట్టెలో వచ్చాడు. మొహం ఒక్కటే చూపించారు. ఎవడో గడ్డం గీశాడు. గీయడమా అది! గీకి పారేశాడు. చెంప నిండా గాట్లే గాట్లు."

కొత్త మనిషి ఏదో చెప్పబోయి తల తిప్పాడు.

"కదలకు, తెగుతుంది. శవానికి నొప్పేముందిలే అనుకున్నాడేమో, వెధవ! వాడే గనక నా చేతికి చిక్కితే వేళ్లు విరిచేస్తాను."

నిజానికి మావయ్య కడుపు మంట ఆ గాట్ల గురించి మాత్రమే కాదు. కొడుకు ఎలా పోయాడో, పోతూ ఏమన్నాడో చెప్పేవాళ్లే లేరు. కోడలిది ఇంకో బాధ. బిడ్డ పుట్టిన కబురు మొగుడికి అందిందో లేదో ఆమెకు తెలియదు. దారిన పోయే ప్రతి సైనికుణ్ణీ ఆపి అడిగేది. ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు అడగడమూ మానేసి, దుకాణం వెనక గదిలో బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంటోంది.

ఒక చెంప పూర్తయింది. రెండోవైపు తిరుగుతుంటే కొత్త మనిషి నోరు విప్పాడు.

"మీ... మీ కోడలుగారు ఉన్నారా?"

కత్తి ఆగింది.

"ఎందుకు?"

"ఒక్క... ఒక్క మాట. ఆవిడతోనే. మీతో... కాదు."

మావయ్యకు ఒళ్లు మండింది. మొగుడు పోయిన పిల్ల, వయసులో ఉన్న పిల్ల. ఏదో ఒక వంకతో గుమ్మం చుట్టూ తిరిగేవాళ్లు ఊళ్లో ఇప్పటికే ఉన్నారు. ఇప్పుడు పైఊళ్ల నుంచి కూడా దిగుతున్నారన్నమాట!

"పొద్దున్నే తాగొచ్చి నా కోడలితో మాటలా? లే!"

"తా... తాగలేదండీ. నేను..."

"లేవమన్నానా!"

గుడ్డ లాగేసి, రెక్క పట్టుకుని వీధిలోకి గెంటాడు.

ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఆ మనిషి ఎండలో కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎదురుగా సైకిల్ షాపులో ఎవరో పగలబడి నవ్వారు. మావయ్యకు సిగ్గేసింది. పగవాడినైనా సగం గడ్డంతో పంపడం ఆయన ఎరగడు. అయినా వెనక్కి పిలవలేదు.

మర్నాడు చంకకర్రల మీద ఒకతను వచ్చాడు. కాలు ఒకటి లేదు.

"మా పటాలంవాడు నిన్న మీ దగ్గరికి వచ్చాడాండీ? చేతులు వణుకుతాయి. మాట తడబడుతుంది. పక్కనే గుండ్లు పేలి అలా అయిపోయాడు."

"వచ్చాడు. ఎక్కడున్నాడిప్పుడు?"

"ఆస్పత్రిలో, శవాల గదిలో. నిన్న సాయంత్రం రైలు కింద పడ్డాడు. సగం గడ్డంతో ఉన్నాడు, అందుకే అడుగుతున్నా."

మావయ్య చేతిలోని కత్తి కింద పెట్టాడు.

"ఎవరతను?"

"యుద్ధంలో మీవాడూ అతనూ ఒకే గుంటలో ఉన్నారండీ. మీవాడికి పొట్టలో తగిలింది. ఇంటికి వెళ్తే నాన్న నన్ను గడ్డంతో చూడకూడదు అన్నాడట. నిన్న వచ్చినవాడు ఎన్నడూ ఒకరికి గడ్డం గీసినవాడు కాదు. పైన గుండ్లు పడుతుంటే, తాగడానికి మిగిలిన గ్లాసెడు నీళ్లతో గీశాడు. అప్పటికింకా మీవాడికి ప్రాణం ఉంది."

వెనక తలుపు తెరుచుకుంది. బిడ్డను భుజాన వేసుకుని కోడలు నిలబడి ఉంది.

"అన్నా, పాప పుట్టిందని ఆయనకు తెలిసిందా?"

చంకకర్రల మనిషి ఆమె వైపు తిరిగాడు.

"పోయేముందు మీ ఆయన ఏమన్నాడో విన్నది వాడొక్కడే చెల్లెమ్మా. మిగతాదంతా చెప్పాడు గానీ ఆ మాట మాత్రం మాకెవ్వరికీ చెప్పలేదు, అది నీదని, నీకే అప్పజెప్పాలని ఇంతదూరం వచ్చాడు."