అట్టల్లేని పుస్తకాలు

“ఆ గట్టి అట్టలు పీకేసి ఇవ్వండి సార్” అంది లీదియా.

షావలి మాస్టారికి మనసొప్పలేదు. డెబ్బై తొమ్మిదిలో దుబాయ్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చినప్పుడు గుంటూరు నుంచి మోసుకొచ్చుకున్న పుస్తకాలవి. అయినా ఆమె ఖోర్ ఫక్కాన్ ఆస్పత్రిలో నర్సు. ఉన్న ఒక్క శుక్రవారం సెలవూ వదులుకుని, కొండలు దాటి టాక్సీలో వచ్చింది. ఊరికి పంపాలి గనక బరువు తగ్గుతుందని అడుగుతోంది కాబోలు. బ్లేడు తెచ్చి అట్టలు కోశారు.

“అంజిబాబు బీఎస్సీ రెండో సంవత్సరం అన్నావు కదమ్మా. వాళ్ళ లైబ్రరీలో ఇవి లేవా?”

“కథల పుస్తకాలు, బైబిళ్ళు ఉంటాయండి. ఇలాంటివి లేవు.”

“ల్యాబు?”

“లేదండి.”

ఇదేం కాలేజీ అనుకున్నారు మాస్టారు. పిల్లల చదువు గురించి అడగడానికి వచ్చే తల్లులు మార్కులతో మొదలుపెడతారు. ఈమె మందుల చీటీ చదువుతున్నట్టు మాట్లాడుతోంది.

మాస్టారి భార్య గుల్జార్ బేగం సులేమానీ టీ తెచ్చిపెట్టింది. “పిల్లోడికి అక్కడ తిండి బాగుంటుందా?” అనడిగింది.

“టైముకి పెడతారంటండి.” లీదియా టీ ముట్టుకోలేదు.

“వేసవిలో బొంబాయి పంపు” అన్నారు మాస్టారు. “అక్కడ పరిశోధన సంస్థలో నాతో చదివినతను ఉన్నాడు. బీఎస్సీ పిల్లల్ని రెండు నెలలు దగ్గర పెట్టుకుని పని నేర్పిస్తాడు. నేను రాస్తాను.”

“గేటు దాటనివ్వరు సార్.”

ఫాదర్లు నడిపే హాస్టలేమో. అంత కట్టడిలో పిల్లాడు ఏం ఎదుగుతాడు? మాస్టారికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీకుండానే. కాసేపు గడ్డం నిమురుకున్నారు.

“సరే, బొంబాయి ఖలాస్. ల్యాబు లేకుండా చేసే పరిశోధనలూ ఉన్నాయి. కాగితం, పెన్సిలు చాలు. అతనికి దేనిమీద ఇష్టం?”

ఆమె మొదటిసారి తలెత్తింది. “అడ్డంగా కట్టిన ఒకే దారానికి రెండు గుండ్లు వేలాడదీసి ఊపేవాళ్ళండి. ఒకటి ఆగిపోతుంటే రెండోది అందుకునేది. నేను సెలవుకి వెళ్తే మా వరండాలో ఎప్పుడూ అదే పని.”

“మంచి లెక్కమ్మా అది. గుండ్లు మూడయితే ఏమవుతుందో తేల్చమను. పోస్టులో పంపితే బొంబాయిలో మావాడు దిద్దుతాడు. బాగా వస్తే పత్రికలో వేయిస్తాడు.”

“పేరుతోనా?”

“పేరుతోనే.”

“రెండు పేర్లు వేస్తారా సార్?”

“ఇద్దరు చేస్తే ఇద్దరివీ వేస్తారు. రెండోది ఎవరిది?”

“రత్నబాబుదండి. ఆ లెక్క ఇద్దరూ కలిసే మొదలెట్టారు.”

“మీవాడి స్నేహితుడన్నమాట.” మాస్టారు పుస్తకాలకి పురికొస చుట్టి ముడేశారు. “అయితే అతన్నీ కూర్చోబెట్టి రాయించమను.”

కట్ట అందుకుని ఒళ్ళో పెట్టుకుంది లీదియా. అదే గొంతుతో చెప్పింది.

“మావాడు రత్నబాబండి, వాణ్ణి చంపి జైల్లో ఉన్నవాడు అంజిబాబు.”