కుడి జేబు

బుధవారీ బజార్‌లో రాజేంద్ర హార్డ్‌వేర్ కొట్టు ముందు నిలబడి స్వాతి అరగంట నుంచీ మడత కత్తులు చూస్తోంది.

చీరల కొట్లో కూడా ఆ పిల్ల ఇంతసేపు ఎప్పుడూ నిలబడలేదు.

రైల్వే యార్డులో గూడ్స్ వ్యాగన్లకు వేలాడే తాళ్లు కోసి పారేయడం ఆమె డ్యూటీలో ఒక భాగం. నాన్న చిన్నారావు ఆ పని చేస్తూనే బండి కింద పడి చనిపోయాడు. ఆయన ఉద్యోగమే ఈమెకిచ్చారు.

కత్తి పెద్దది కావాలి. ధర ఎనిమిది వందలు దాటకూడదు.

చెక్క పిడి ఉన్నది చూడముచ్చటగా ఉంది. చవక కూడా. దాని మీద చెయ్యి వేసింది.

"అది వద్దమ్మా."

వెనక నుంచి ఎవరో, ఆ హిందీ ఊళ్లో తెలుగులో.

అరవై ఏళ్ల మనిషి. మే నెల ఎండలో పొడుగు చేతుల చొక్కా. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"అది గోటితో లాగితే గానీ తెరుచుకోదు. రెండు చేతులూ కావాల. రెండో చెయ్యి ఖాళీ లేకపోతే ఏటి చేస్తావు?"

స్వాతి చెయ్యి వెనక్కి తీసుకుంది. మీరెవరని అడిగింది.

ఆయన కొట్టువాడి చేత నల్ల పిడి కత్తి ఒకటి తీయించాడు. దాని రేకు మొదట్లో చిన్న బుడిపె ఉంది. బొటనవేలితో నెట్టమన్నాడు. నెడితే కత్తి తెరుచుకుని టక్కుమని బిగిసింది. అలా బిగవకపోతే కోసేటప్పుడు మడతపడి సొంత వేళ్లే తెగుతాయన్నాడు. గ్లౌజు తొడుక్కుని పట్టుకోమన్నాడు. పిడి చిన్నదైతే గ్లౌజు చేతికి అందదట.

ఏడు వందల యాభై.

"కుడి జేబులో పెట్టుకో. ఇంకెక్కడా పెట్టకు."

చెప్పిందంతా సబబుగానే ఉంది. కానీ చెబుతున్నంతసేపూ ఆయన కత్తి వంక చూడలేదు. ఆమె ఎడమ మణికట్టు వంకే చూశాడు.

ఇంటికొచ్చి కత్తి చూపిస్తే అమ్మ కనకం ఎప్పటి పాటే అందుకుంది.

"ఆ సూర్యంగాడి జేబులోనూ కత్తుంది. మీ నాన్న చేతికి తాడు చుట్టుకుని బండి ఈడ్చుకుపోతంటే, పక్కనే ఉండి తీలేదు."

పద్నాలుగేళ్లుగా ఆమెకు ఇదే మాట. నాన్నతో పనిచేసిన ఆ సూర్యం ఒకసారి క్వార్టర్ గుమ్మం దాకా వస్తే, మొహం కూడా చూడకుండా తలుపు వేసేసింది. అప్పటికి స్వాతికి తొమ్మిదేళ్లు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం యార్డులో స్వాతి తలెత్తి చూస్తే, పట్టాల పైనున్న వంతెన మీద ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు.

ఆ మర్నాడూ అక్కడే. అదే వేళకి.

మనుషులు నీడకు పారిపోయే ఎండలో, కుడి చెయ్యి జేబులోంచి తీయకుండా, ఆమె చేతుల వంక చూస్తూ. చెమట తుడుచుకోడు. కదలడు.

స్వాతికి అన్నం సయించడం మానేసింది. ఆ జేబులో ఏముందోనని ఒకటే భయం.

ఎనిమిదో రోజు డ్యూటీ దిగి వంతెన ఎక్కుతుంటే ఎదురుగా మెట్ల మీదకి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు.

స్వాతి జేబులోంచి కత్తి తీసింది. బొటనవేలితో నెట్టింది. టక్.

ఆయన బెదరలేదు. ఆమె బొటనవేలినే చూశాడు. పెద్ద బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలాడు.

"చాలమ్మా. ఇంక నేను రాను."

అన్నట్టే మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకుంది స్వాతి.

పదిహేను రోజులు గడిచాయి. మంగళవారం మధ్యాహ్నం, ఆగి ఉన్న బొగ్గు వ్యాగన్‌కి వేలాడుతున్న తాడు లాగుతుంటే, బండి ఉన్నట్టుండి కుదుపుతో కదిలింది.

తాడు ఎడమ మణికట్టుకి చుట్టుకుని బిగిసింది. రెండడుగులు ఈడ్చుకుపోయింది. కాళ్ల కింద కంకర జారింది.

"కంగారు పడకు. బొటనవేలు."

చెవి పక్కనే ఆ గొంతు.

కుడి జేబు. బుడిపె. టక్. తాడు తెగింది.

స్వాతి కంకర మీద వెల్లకిలా పడింది. చెయ్యి చెయ్యిగానే ఉంది.

లేచి వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ఎండలో ఖాళీ పట్టాలు మెరుస్తున్నాయి.

సీనియర్ ఫిట్టర్ రమణబాబు అవతలి లైను నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ ముసలాయన ఎటు వెళ్లాడని స్వాతి అడిగింది. ఏ ముసలాయనని అడిగాడు. పొడుగు చేతుల చొక్కా, ఎప్పుడూ జేబులోనే ఉండే కుడి చెయ్యి, నేర్పిన కత్తి పాఠం, అన్నీ చెప్పింది.

రమణబాబు అక్కడే పట్టా మీద కూలబడ్డాడు.

"సూర్యం ఈవేళ తెల్లారగట్ల పక్కూరు బిల్హాలో పోనాడమ్మా. డ్యూటీ అవగానే ఆఖరి చూపుకి ఎల్దామనుకుంటన్నాను."

"సూర్యమా? జేబులో కత్తి ఉండి తీయని సూర్యమా?"

"చెక్క పిడి కత్తి. బాగుందనీ, చవకనీ కొన్నాడు. రెండు చేతులుంటే గానీ తెరుచుకోదు. తప్పంతా తనదేనని, నీకేటీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. మీ అమ్మకి మేవు చెప్పబోతే విన్లేదు."

స్వాతి తన ఎడమ మణికట్టు చూసుకుంది. తాడు ఒరుసుకున్నచోట ఎర్రగా కమిలింది.

"రెండో చెయ్యి ఏమైంది?" అంది.

"దాంతో మీ నాన్నని పట్టుకున్నాడమ్మా. వదిలీమని మేవందరం అరిచాం. వదల్లేదు. మీ నాన్నతో పాటే ఆ చెయ్యీ చక్రం కింద పోనాది. అప్పట్నుంచీ ఆ కుడి జేబులోకి దోపుకున్నది ఉత్త చొక్కా చేతి గుడ్డే."