చుట్టాల లిస్టు

"ఆరో వరుస తీసెయ్యమ్మా," అన్నాడు సూపర్‌వైజర్, కాగితం బల్లమీద పెడుతూ.

క్షిపణిలోకి ఎక్కించే జాబితా అది. ఏయే దేశాల విమానాలను ముట్టుకోకూడదో అందులో ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని చుట్టాల లిస్టు అంటారు. ఆరో వరుసలో ఉన్నది మిత్రదేశం. ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఇప్పుడు క్షిపణులు కొంటున్నది ఆ దేశానికి బద్ధశత్రువు.

"వాళ్ళకి తెలిస్తే ఊరుకుంటారా సార్?" అంది ఆమె. ఆ జాబితాలు ఎక్కించేది ఆమే.

"అది పైవాళ్ళు చూసుకుంటారు. ఇరవై పెట్టెలకీ సాయంత్రంలోగా సీలు పడాలి."

ఆమె తమ్ముడు పైలట్. రెండు దేశాల వాయుసేనలూ పైలట్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఏడాదిగా వాడు మిత్రదేశంలో ఉండి, వాళ్ళ విమానమే నడుపుతున్నాడు. తల్లి పోయాక వాడిని పెంచింది ఆమే. ఆ సంగతి సూపర్‌వైజర్‌కి తెలుసు. అందుకే ఆమె మొహం చూడలేక, కిటికీలోంచి లారీలను చూస్తూ నిలబడ్డాడు.

ఆమె కీబోర్డు ముందుకు జరిగింది. కాసేపటికి ఫైలు మూసి, రిజిస్టరులో సంతకం పెట్టింది.

తెర మీద సరిచూసుకుని రెండో సంతకం సూపర్‌వైజర్ పెట్టాలి. పదహారేళ్ళుగా ఆయన చూడకుండానే పెడుతున్నాడు. "నీ పనికి వంకేముందమ్మా," అనేవాడు. ఆ రోజు మాత్రం, చూడకుండానే సంతకం పెట్టి, "మనసులో పెట్టుకోకు," అని వెళ్ళిపోయాడు.

ఆ నెలంతా ఆమెకు అన్నం సయించలేదు. తమ్ముడు ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడింది. "ఒంట్లో బాగాలేదా అక్కా?" అని వాడు అడిగితే, ఉందో లేదో ఆమెకే తెలియలేదు.

అలాంటి బేరం దాగుతుందా? బయటపడింది. మిత్రదేశం మండిపడింది. ఉమ్మడి విన్యాసాలు ఆగిపోయాయి. రాయబారి వెళ్ళిపోయాడు. మన పైలట్లను కట్టుబట్టలతో తిప్పిపంపారు. కంగారుపడి మనవాళ్ళు బేరం రద్దు చేసుకున్నా లాభం లేకపోయింది. ఎప్పుడో పక్కన పెట్టిన సరిహద్దు తగాదా మళ్ళీ లేచింది. తుపాకులు పేలాయి.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. ఇప్పుడు సరిహద్దు దగ్గరి వైమానిక స్థావరంలో ఉంటున్నాడు.

"అక్కా, మాకు మీ పెట్టెలే వచ్చాయి! మిగతా క్షిపణులన్నిటికీ వాళ్ళింకా చుట్టాలేనట. మార్చడానికి వారం పడుతుందట. అమ్ముడుపోకుండా మిగిలిన ఆ ఇరవై పెట్టెలే ఇప్పుడు మాకు దిక్కు. నీ చేతి పని కదా, ఇంక భయమేంటి?"

వాడి మాట వెనక సైరన్ మొదలైంది.

"వస్తున్నట్టున్నారు. ఉంటా అక్కా."

ఆమె ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు.

ఆరో వరుసను ఆ రోజు ఆమె తీసెయ్యనే లేదు.